దొంగబజారు అని పేరు పెట్టిందెవరు?

(పాతబస్తీలో వీధి వ్యాపారుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



హైదరాబాద్ చూడవచ్చినోళ్లు చార్మినార్ ఎక్కుతరు. లాడ్‌బజార్‌ల గాజులు బేరమాడుతరు. పత్తర్‌గట్టిల ముత్యాలు కొంటరు. ఫొటోలు దిగి పోతరు. 1591లో కులీ కుతుబ్‌షా కట్టించిండని గైడు చెప్తడు. ఆ రాళ్లు మోసిందెవరో చెప్పడు. ఇయ్యాల ఆ మినార్ల నీడన తోపుడుబండి పెట్టుకున్నదెవరో కూడా చెప్పడు. మనమే చెప్పుకోవాలె.

ఈ బజార్లను మేం కాలినడకన తిరిగినం. తిరిగితే ఒక్కటి తెలుస్తది: ఇక్కడ సరుకుకు కూడా కులముంది. బంగారం, ముత్యం అద్దాల వెనక చల్లగ ఉంటయి. పాత చెప్పులు, పాత బట్టలు, తుక్కు ఇనుము నేల మీద ఎండకు ఉంటయి. ఎవరు మడిగెల కూసుంటరు, ఎవరు బాటమీద కూసుంటరు అన్నది తెలివితో తేలిందా? కాదు. తాతలనాడు భూమి, పెట్టుబడి ఎవరికి దక్కిందో దాన్నిబట్టి తేలింది. లాడ్‌బజార్ లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ ఆ గుర్తింపు గాజు పేరును కాపాడుతది. బొగ్గుల పొయ్యి ముందు వేళ్లు కాల్చుకునే మనిషి కూలిని అది నిర్ణయించదు.

అయినా మనోళ్లు ఊరు విడిచి ఈ బజారుకే ఎందుకొచ్చిండ్రు? ఊర్లె మాదిగ తల్లి పాలు అమ్మితే కొనేదెవరు? మాల అన్న హోటల్ పెడితే చాయ తాగేదెవరు? రెండు గ్లాసుల పద్ధతి పెట్టిన ఊరు మన గ్లాసుల తాగుతదా? 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో, ఊరును ఆకాశానికెత్తినవాళ్లను అంబేడ్కర్ నిలదీసింది ఊరికే కాదు. పట్నం గుంపుల కులం అడిగే తీరిక కొంత తక్కువ. ఆ కొద్ది సందులనే మనోళ్లు బతుకు నిలబెట్టుకున్నరు. ఈ పట్నంలనే 1888లో పుట్టిన భాగ్యరెడ్డి వర్మ ఆ సందును ఉద్యమంగ మలిచిండు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టిండు, మన పిల్లలకు బడులు తెరిచిండు.

పక్కన బండి పెట్టుకున్న గరీబు ముసల్మానుదీ మన కథే. 1990 డిసెంబర్ అల్లర్లల్ల ఈ పాతబస్తీ కర్ఫ్యూ చూసింది. కర్ఫ్యూ పెడితే రోజు సంపాదన మీద బతికేటోళ్ల పొయ్యి ముందుగాల ఆరుతది. ఆ పొయ్యికి మతం లేదు.

ఇగ పురానాపూల్ దగ్గరి జుమ్మేరాత్ బజార్ సంగతి. జుమ్మేరాత్ అంటే గురువారం. పెద్దమనుషులు మాత్రం దాన్ని చోర్ బజార్ అంటరు, దొంగబజారు అంటరు. అక్కడ ఏమున్నది? విరిగిన కుర్చీకి కాలు పెట్టినోళ్లున్నరు. తుప్పు రుద్ది సుత్తెను సుత్తె చేసినోళ్లున్నరు. ఇల్లిల్లు తిరిగి స్టీలు గిన్నె ఇచ్చి తెచ్చిన పాతబట్టను ఉతికి, కుట్టి, గరీబోని ఒంటికి పనికొచ్చేటట్టు చేసినోళ్లున్నరు. పట్నం పారేసినదానికి మళ్లీ ప్రాణం పోసే పని దొంగతనమా? ఎక్కడన్నా దొంగసొత్తు దొరికితే పట్టుకోను చట్టమున్నది. బజారంతటికీ ఆ పేరెందుకు?

ఎందుకంటే, పేరు పెడితే లాఠీకి పని తేలికైతది. దొంగ అన్నంక మామూలు అడగొచ్చు, బండి గుంజుకపోవచ్చు, అడిగే దిక్కుండదు. 1871లో ఇంగ్లీషోడు చట్టం చేసి కొన్ని జాతులకు పుట్టుకతోనే నేరస్థులని ముద్ర కొట్టిండు. 1952లో ఆ చట్టం రద్దయింది. ముద్ర మాత్రం మనుషుల మీదికెళ్లి బజార్ల మీదికి పాకింది.

మరి మన చేతిల ఏమున్నది? 1989లో సోదన్‌సింగ్ కేసుల సుప్రీంకోర్టు, న్యాయమైన ఆంక్షలకు లోబడి వీధిల వ్యాపారం చేసుకునుడు ప్రాథమిక హక్కేనన్నది. 2014లో వీధి వ్యాపారుల చట్టమొచ్చింది. అందులున్నవి గుర్తుపెట్టుకోండ్రి. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాక ఎవరినీ లేపొద్దు. లేపాలంటే 30 రోజుల నోటీసు ఇయ్యాలె. సరుకు జప్తు చేస్తే జాబితా రాసియ్యాలె. జుర్మానా కట్టి అడిగితే కూరగాయలు, పండ్ల లాంటివి అదే రోజు, మిగతావి రెండు పనిదినాలల్ల వాపస్ ఇయ్యాలె. టౌన్ వెండింగ్ కమిటీల కనీసం 40 శాతం మంది వ్యాపారులు ఎన్నుకున్న వ్యాపారులే ఉండాలె. వాళ్లల్ల మూడోవంతు ఆడోళ్లు. దళితులకు, ఆదివాసులకు, బీసీలకు, మైనారిటీలకు, వికలాంగులకు తగిన చోటు.

ఇంకొక్క మాట ఆ చట్టంలనే ఉన్నది. 50 ఏండ్లకు మించి నడుస్తున్న సహజమైన బజారును వారసత్వ బజారుగ ప్రకటించాలె, అక్కడి వ్యాపారులను వేరేచోటికి తరలించొద్దు. విన్నరా? చార్మినార్ ఒక్కటే వారసత్వం గాదు. మీ అవ్వ కూసున్న జాగ, మీరు కూసున్న జాగ వారసత్వమే. సుందరీకరణ పేరు మీద చార్మినార్ చుట్టూ బండ్లను జరుపుమన్నప్పుడల్లా ఈ మాట ముందుపెట్టాలె.

అందుకే చెప్తున్నం. సర్వేకు వస్తే పేరు రాయించుకోండ్రి, రాకపోతే ఎందుకు రాలేదని గల్లీగల్లీ కలిసి అడగండ్రి. జప్తు జాబితా లేకుండ సరుకు వదలకుండ్రి. కమిటీ ఎన్నికల మన అక్కలను నిలబెట్టండ్రి. ఎవడన్నా దొంగబజారు అంటే ఊకోకుండ్రి. దాని పేరు జుమ్మేరాత్ బజార్ అని చెప్పండ్రి.

జైభీమ్.