చూస్తే చాలు, అకౌంట్ పోయినట్టే: సామీ వర్మ్ కథ

మీరు పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదు, తెలియని లింకేదీ నొక్కలేదు. ఒకరి ప్రొఫైల్ ఓపెన్ చేశారంతే. ఆ కాస్తలోనే మీ అకౌంట్ నుంచి ఫ్రెండ్ రిక్వెస్ట్ వెళ్లిపోయింది!

2005 అక్టోబర్‌లో అమెరికాలో సరిగ్గా ఇదే జరిగింది. అప్పట్లో అక్కడ కుర్రకారంతా మైస్పేస్‌లోనే ఉండేవాళ్లు. సామీ కమ్‌కార్ అనే 19 ఏళ్ల కుర్రాడు తన ప్రొఫైల్‌లో కొంచెం జావాస్క్రిప్ట్ దాచాడు. ఆ పేజీ చూసినవాళ్ల అకౌంట్ నుంచి అతనికి రిక్వెస్ట్ వెళ్లేది, వాళ్ల ప్రొఫైల్‌లో సామీయే నా హీరో అని ఒక లైను చేరేది. అసలు కిటుకు ఏంటంటే, ఆ కోడ్ కూడా వాళ్ల ప్రొఫైల్‌లోకి కాపీ అయ్యేది. ఇక వాళ్ల పేజీ చూసినవాళ్లకీ అదే గతి. 20 గంటల్లో 10 లక్షల మంది దాటారు. చివరికి సైటే కాసేపు ఆపాల్సి వచ్చింది.

దీన్నే క్రాస్-సైట్ స్క్రిప్టింగ్, షార్ట్‌గా ఎక్స్ఎస్ఎస్ అంటారు. పెళ్లి భోజనాల్లో కూర్చున్నవాణ్ని ఆడపెళ్లివారి తరపా, మగపెళ్లివారి తరపా అని ఎవరడుగుతారు? బ్రౌజర్ కూడా అంతే. పేజీలో కోడ్ ఉంటే సైటువాళ్లే రాశారనుకుని, మీ లాగిన్‌తోనే నడిపేస్తుంది.

మైస్పేస్ వాళ్లు ఊరికే కూర్చోలేదండోయ్. స్క్రిప్ట్ ట్యాగ్ ఆపేశారు, జావాస్క్రిప్ట్ అన్న మాట కనిపిస్తే తీసేసేవాళ్లు. సామీ ఏం చేశాడు? "జావా" అని రాసి, ఎంటర్ కొట్టి, కింది లైన్లో "స్క్రిప్ట్" అన్నాడు. ఫిల్టర్ దాన్ని గుర్తుపట్టలేదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మాత్రం రెండు ముక్కలూ కలిపి చదివేసుకుంది! నన్నడిగితే, చెడ్డ మాటల లిస్టు రాసుకుంటూ పోవడం ఎప్పటికీ తెమలని పని.

కుకీకి హెచ్‌టీటీపీ-ఓన్లీ పెట్టాం, ఇక సేఫ్ అనేవాళ్లున్నారు. సామీ కుకీ దొంగిలించలేదు బాబూ, ఆ అవసరమే రాలేదు. కోడ్ నడిచిందే మీ బ్రౌజర్‌లో కదా.

మరి ఏం చేయాలి? యూజర్ రాసినదాన్ని పేజీలో చూపించేటప్పుడు ఎస్కేప్ చేయాలి. అంటే లెస్ దాన్ గుర్తు లాంటివి ట్యాగ్‌గా పనిచేయకుండా, మామూలు అక్షరాల్లా కనిపించేలా మార్చాలి. రియాక్ట్ దీన్ని తనే చేసేస్తుంది. డేంజరస్లీ-సెట్-ఇన్నర్-హెచ్‌టీఎంఎల్ వాడితే మాత్రం చేయదు. పేరులోనే డేంజర్ అని పెట్టారు, అయినా వాడతారు మనవాళ్లు.

మీ కాలేజీ ప్రాజెక్టులో పేరు అడిగే బాక్స్ ఉంటే, బోల్డ్ ట్యాగ్ మధ్య మీ పేరు రాసి సేవ్ చేయండి. పేరు లావుగా కనిపిస్తే స్క్రిప్ట్‌కీ దారి ఉండే అవకాశం ఎక్కువ. సొంత ప్రాజెక్టులోనే సుమా! సరదాగా చేశానన్న సామీకే 2007లో మూడేళ్ల ప్రొబేషన్ పడింది. ఏం కనిపించిందో కింద చెప్పండి.