పసుపు మరక చెప్పిన కెమిస్ట్రీ

ట్రాయ్‌లో చలికాలం ఎలా ఉంటుందో మీకు తెలుసు. సాయంత్రం అయిదున్నరకే చీకటి, బయట మంచు, లోపల పిల్లలు. మన ఆఫీసు కాల్ అయ్యేసరికి వాళ్ళ చేతిలో ట్యాబ్ ఉంటుంది. పాపం అనిపించి సైన్స్ కిట్ ఆర్డర్ పెడతాం. అది రెండు రోజులు ఆడి క్లోజెట్‌లోకి పోతుంది. ఈ రోజు కిట్ అక్కర్లేని మూడు ప్రయోగాలు చెప్తాను.

మొదటిది పసుపు. ఓసారి మా అబ్బాయి తెల్ల చొక్కా మీద పప్పు పడింది. సబ్బు రాయగానే మరక ఎర్రబడింది. "నాన్నా, రక్తమా?" అన్నాడు. నేను వెంటనే ఆమ్లం, క్షారం అంటూ లెక్చర్ మొదలుపెట్టాను. వాడు మెల్లగా జారుకున్నాడు. తప్పు నాదే, జవాబు ముందే చెప్పేశాను.

మర్నాడు నోరు మూసుకుని మొదలుపెట్టాను. అర గ్లాసు నీళ్ళలో పావు చెంచా పసుపు కలిపి రెండు గిన్నెల్లో పోశాం. ఒకటి అలాగే ఉంచాం, పోల్చి చూడ్డానికి. రెండోదాంట్లో బేకింగ్ సోడా వేశాం. బేకింగ్ పౌడర్ కాదండీ, దాంట్లో పులుపు కూడా కలిపి ఉంటుంది. రంగు ఎరుపులోకి తిరిగింది. నిమ్మకాయ పిండితే బుసబుసా పొంగి మళ్ళీ పసుపైంది. అప్పుడు వాడే అడిగాడు, ఎందుకని. పసుపులో ఉండే కర్‌క్యుమిన్‌కి క్షారం తగిలితే ఎరుపు, పులుపు తగిలితే పాత రంగు. దిష్టి తీయడానికి మీ అమ్మమ్మ పసుపు నీళ్ళలో సున్నం కలిపి చేసే ఎర్రనీళ్ళు కూడా ఇదేరా అన్నాను. సున్నం మాత్రం పిల్లలకి ఇవ్వకండి, కళ్ళకి ప్రమాదం.

రెండోది ఉప్పు. ఐసు ముక్క మీద తడిపిన దారం పెట్టి, ఉప్పు చల్లి, రెండు నిమిషాలాగి దారం ఎత్తండి. ముక్క కూడా లేస్తుంది. ఉప్పు పై పొరని కరిగిస్తుంది. కరగడానికి వేడి కావాలి, అది ఐసు నుంచే లాక్కుంటుంది. దాంతో దారం చుట్టూ నీళ్ళు మళ్ళీ గడ్డకడతాయి. మన రోడ్ల మీద చల్లేది కూడా ఉప్పే. డెట్రాయిట్ కింద వెయ్యి అడుగుల పైచిలుకు లోతులో ఉప్పు గని ఉంది. దాదాపు 40 కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడున్న సముద్రం ఎండిపోయి మిగిల్చిన ఉప్పు అది. చలి 15 ఫారెన్‌హీట్ కిందికి పోతే మామూలు ఉప్పు పెద్దగా పనిచేయదు. అది కూడా ఫ్రీజర్లో పెట్టి చూడమనండి.

మూడోది ఇడ్లీ పిండి. రెండు సీసాల్లో సగం దాకా పోసి, మూత వదులుగా పెట్టి, పిండి ఎత్తు దగ్గర రబ్బరు బ్యాండ్ వేయండి. ఒకటి కౌంటర్ మీద, ఒకటి ఓవెన్ ఆన్ చేయకుండా లైటు మాత్రం వేసి లోపల. పొద్దున ఏది పొంగిందో పిల్లలే కొలుస్తారు. వెచ్చదనంలో సూక్ష్మజీవులు చురుగ్గా పనిచేసి గ్యాస్ వదులుతాయి. అదే కార్బన్ డయాక్సైడ్, మన పాత పుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువు.

ఒక్క హెచ్చరిక. బ్లీచ్‌ని వెనిగర్‌తో గానీ, నిమ్మరసంతో గానీ, ఇంకో క్లీనర్‌తో గానీ ఎప్పుడూ కలపకండి. విషవాయువు వస్తుంది. ఏదైనా జరిగితే పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222, ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి. ఊపిరి ఆడకపోతే మాత్రం నేరుగా 911.

మిగతాదంతా మూడు ప్రశ్నలే. ఏమవుతుందనుకుంటున్నావు? ఏమైంది? ఎందుకు? తెలుగులోనే అడగండి. అమ్మమ్మ ఫోన్ చేస్తే "బాగున్నా" తప్ప మాట దొరకని మావాడు, ఆ ఆదివారం వీడియో కాల్‌లో గిన్నె ముందు పెట్టుకుని "అమ్మమ్మా, ఏ రంగు వస్తుందో చెప్పు" అన్నాడు. ఆవిడకి జవాబు తెలుసు. అయినా చెప్పలేదు. నాకంటే మంచి టీచర్.

ఉంటానండీ, వచ్చే వారం కలుద్దాం.