ఎద్దు పేరు తిరునాళ్లలో, ఇంటి పేరు పాలకేంద్రంలో

(అనంతపురం ప్రాంత పాల ఉత్పత్తిదారుల సంఘ సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టర్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఇన్‌స్పెక్టరు వచ్చాడంటే లెక్కల పుస్తకాలు తెమ్మంటాడని మీ అందరికీ తెలుసు. ఈ వేళ పుస్తకాల మాట తర్వాత. ముందుగా మన ఊళ్లలోని బండలాగుడు ఎద్దుల రైతును గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. ఆయనకు ఇల్లు, ఎద్దులు, ఊరు, ఈ మూడే లోకం.

మన అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘం పడమటి కనుమల దగ్గరే చాలావరకు దించుకుంటుంది. ఈశాన్యపు వాన తీరం దాటి మనదాకా వచ్చేసరికి పలచబడుతుంది. ఇటువంటి చోట రైతు పైరును మాత్రమే నమ్ముకుని బతకలేదు, గొడ్డును కూడా నమ్ముకున్నాడు. చెనిక్కాయ ఊడలు దిగకపోయినా కట్టె కొంత మిగులుతుంది. ఆ కట్టె, జొన్న చొప్ప వామి వేసుకున్నవాడి కొట్టం ఎండాకాలంలో ఖాళీ కాదు.

ట్రాక్టరు వచ్చిన తర్వాత సేద్యపు ఎద్దులు తగ్గాయి. అయినా తిరునాళ్లకు, ఉగాదికి, సంక్రాంతికి బండలాగుడు పోటీలు నిలిచాయి. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని వయసును బట్టి వర్గాలు చేసి, దానికి తగిన బరువు బండ కట్టి, ఇచ్చిన నిమిషాలలో ఏ జత ఎక్కువ దూరం లాగితే ఆ జతకు బహుమతి. ఆ కొద్ది నిమిషాల కోసం రైతు సంవత్సరమంతా పాటుపడతాడు. వేళకు ఉలవలు ఉడికిస్తాడు, ఒళ్లు రుద్దుతాడు, గిట్టలు చూస్తాడు, నడక తప్పితే కారణం వెతుకుతాడు. పేడ చూసి కడుపు సంగతి చెబుతాడు. పొరుగువాడి సేద్యం ఆగిపోతే ఆ ఎద్దులనే తోలుకుపోయి సాయం చేసేవాళ్లూ ఉన్నారు. ఇది గౌరవించవలసిన జీవితం.

అయితే ఆ ఎద్దులకు ఉలవలు ఎక్కడినుంచి వస్తున్నాయని ఒక్కసారి ఆలోచించండి. బహుమతి ఏ తిరునాళ్లకో ఒకసారి వస్తుంది, రాకనూ పోతుంది. దాణాకు రోజూ డబ్బు కావాలి. అనేక ఇళ్లలో ఆ డబ్బు పాలబిల్లు నుంచే వస్తున్నది. తెల్లవారకముందే లేచి పాలు పితికి కేంద్రానికి తెచ్చేది ఇంటి ఇల్లాలు. ఆమె ఆవుకు మాత్రం మిగిలిన చొప్ప, ఎద్దులు తాగగా మిగిలిన కుడితి. కరువు వచ్చి గొడ్డును అమ్మవలసి వస్తే, ఎద్దుల మీద మమకారం కొద్దీ ముందు సంతకు తోలేది కూడా ఆ ఆవునే. ఆవు పోయిన నెలకు పాలబిల్లు ఆగుతుంది, మరుసటి నెలకు ఉలవలు ఆగుతాయి. అప్పుడు ఎద్దులూ సంతకే పోతాయి. ఈ వరుస మీలో కొందరికి తెలియనిది కాదు.

పశువు మీది ప్రేమకు లెక్క కూడా తోడైతే ఏమవుతుందో చూడండి. ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరు పెట్టుకున్న ఒక ఆబోతును 1960 దశకం తొలినాళ్లలో బ్రెజిల్ దేశపు పశుపోషకుడు టోరెస్ హోమెమ్ రోడ్రిగెస్ డా కున్హా తన దేశానికి తీసుకుపోయాడు. ఆ దిగుమతి పశువులను సముద్రంలోని ఫెర్నాండో డి నొరోనా దీవిలో ఉంచి, రోగాలు లేవని తేలాకనే ఒడ్డుకు చేర్చారు. మన నెల్లూరు పేరే అక్కడ ‘నెలోర్’ జాతి అయింది. ఆ దేశంలోనూ పశువుల పండుగలున్నాయి. బరెటోస్ పట్టణంలో 1956లో మొదలైన రోడియో పండుగ పేరు మోసింది. కానీ వాళ్ల మందలు పెరిగింది పండుగ వల్ల కాదు. ఏ దూడ ఏ ఆబోతుకు, ఏ ఆవుకు పుట్టిందో తరతరాలుగా వంశావళి పుస్తకంలో రాసిపెట్టుకోవడం వల్ల. మన్ను మనది, జాతి మనది, పుస్తకం మాత్రం వాళ్లది.

కనుక సభ్యులకు నేను మనవి చేసేవి నాలుగు.

ఒకటి. ఎద్దుకు కొలిచినట్టే ఆవుకూ దాణా కొలవండి. పోషణకు ఒకటి నుంచి ఒకటిన్నర కిలో, ఆపైన ఆవు ఇచ్చే ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో. ఎనుముకైతే ప్రతి రెండు లీటర్లకు ఒక కిలో. తాగినన్ని మంచినీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. ఈనడానికి రెండు నెలల ముందు పాలు పిండడం మానండి. దూడకు పుట్టిన గంటలోగా జున్నుపాలు పట్టండి.

రెండు. ఎద కట్టిన తేదీ, సూది వేయించిన తేదీ, ఈనిన తేదీ ఒక నోటు పుస్తకంలో రాయండి. పోటీ ఎద్దు కావాలంటే నాటు జాతి ఆవుకు ఆ జాతి వీర్యమే వేయించండి. పాలు కావాలంటే వేరే ఆవును పెట్టుకోండి. రెండు కోరికలూ ఒకే ఆవు మీద మోపితే రెండూ దక్కవు.

మూడు. పాలు తెచ్చే ఆడమనిషి పేరనే సభ్యత్వం ఉండాలి. సహకార సంఘంలో ఒక సభ్యునికి ఒక ఓటు. వాటా భర్త పేర, చాకిరీ భార్య పేర ఉంటే ఆమెకు సర్వసభ్య సమావేశంలో నోరెత్తే హక్కు లేదు. బిల్లు ఆమె ఖాతాలో పడితే, ఎద్దుల ఉలవలకు ఎంత, ఆవు చెక్కకు ఎంత అనే మాట ఇద్దరూ కూర్చుని తేల్చుకుంటారు.

నాలుగు. పోటీలలో ముల్లుగర్రను, చెర్నాకోలను మానండి. పశువును హింసించడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం. అంతకు మించి, మాటకు కదిలిన జతకు వచ్చే మెప్పు, దెబ్బకు కదిలిన జతకు రాదని తిరునాళ్లలో నిలబడినవారెవరైనా చెబుతారు.

ఎద్దుల రైతును ఎద్దులు మానుకోమని నేను చెప్పడం లేదు. పేడ చూసి కడుపు సంగతి చెప్పగల ఆ చూపు మన సంఘానికి ఎంతో అవసరం. పక్కింటి పాడి ఆవు మేత మానేస్తే ముందుగా పిలవవలసింది ఆయననే. అటువంటివారిని పాలకవర్గంలోకి తీసుకోండి, దూడల పెంపకం వారి కళ్లముందు జరగనివ్వండి. వచ్చే ఎండాకాలానికి ఎవరి కొట్టంలో ఎంత కట్టె, ఎంత చొప్ప ఉన్నదో, ఎవరికి ఎంత తక్కువ పడుతుందో ఈ నెల సమావేశంలోనే లెక్క వేసుకుని తీర్మానం రాయండి. ఈసారి తనిఖీకి వచ్చినప్పుడు నేను మొదట అడిగే పుస్తకం అదే.