అమ్మానాన్నలకు కాళ్ళిచ్చిన ఊరు



నేనుండేది స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో. అమెరికా నుంచి వచ్చే మిత్రులు "ఇక్కడ కారు లేకుండా ఎలా నెట్టుకొస్తున్నారండీ?" అని అడుగుతుంటారు. మా ఊళ్ళోనూ కార్లున్నాయి. కాకపోతే కారు లేని మనిషి ఇంట్లో కూర్చోనక్కర్లేదు.

ముందు ట్రామ్ సంగతి. ట్రామ్‌లను భూగర్భంలోకి దించుదామని 1962లోనూ, మెట్రో కడదామని 1973లోనూ ప్రతిపాదనలొస్తే ఊరి జనం ఓటు వేసి కాదన్నారు. 1977లో మాత్రం ట్రామ్‌లకూ బస్సులకూ రోడ్డు మీద అడ్డు లేకుండా చేయడానికి 20 కోట్ల ఫ్రాంకులకు సరేనన్నారు. ఇవాళ చాలా కూడళ్ళలో ట్రామ్ దగ్గరకు రాగానే దానికి పచ్చదీపం వెలుగుతుంది, కార్లు ఆగుతాయి. ఎక్కేచోట గేట్లుండవు, కండక్టరుండడు. టిక్కెట్టు ముందే కొనుక్కోవాలి, తనిఖీవాళ్ళు ఎప్పుడైనా ఎక్కవచ్చు. గడువు లోపల అదే టిక్కెట్టుతో బస్సూ లోకల్ రైలూ ఎక్కవచ్చు.

ఇక నడక. పెద్ద స్టేషను నుంచి సరస్సు దాకా బాన్‌హోఫ్‌స్ట్రాసె వీధి సుమారు 1.4 కిలోమీటర్లు. చాలా భాగం కార్ల బెడద లేదు. ఊరంతా 1200కు పైగా ఫౌంటెన్లున్నాయి, ఖాళీ సీసా వెంట ఉంటే మంచినీళ్ళు కొనక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: జీబ్రా గీతల దగ్గర మనకోసం కారు ఆగుతుంది, ట్రామ్ ఆగదు. అక్కడ దారి దానిదే.

కారుతోనే చిక్కు. నడిబొడ్డున పార్కింగు స్థలాలు 1990 నాటి సంఖ్య దాటకూడదని 1996లో ఒప్పందం చేసుకున్నారు. నీలం గీతల చోట పగటిపూట అద్దం వెనక డిస్కు పెట్టి గంటసేపు నిలపవచ్చు, అంతే. కొత్తవాళ్ళు శివారు స్టేషనులో కారు వదిలి రైలెక్కడం మేలు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా అమ్మకు జర్మన్ రాదు, ఇంగ్లీషూ అంతంతమాత్రమే. అక్కడ ఒక్కో ట్రామ్ నంబరుకు ఒక్కో రంగు. స్టాపు పేరు మైకులో వినిపిస్తుంది. మా ట్రామ్ నంబరూ, దిగాల్సిన స్టాపు పేరూ తెలుగులో రాసిచ్చాను. మూడో వారానికల్లా ఒక్కతే సరస్సు దాకా వెళ్ళి, వస్తూ వస్తూ కూరలు తెచ్చింది. బండి నేల రోడ్డుకు దగ్గరగా ఉంటుంది గనక మోకాళ్ళ నొప్పులూ అడ్డం రాలేదు. "నిన్ను అడగక్కర్లేకుండా పోయిందిరా" అంది. ఆ మాటలోని సంతోషం నాకు అప్పుడే తెలిసింది.

మన ఇళ్ళకు వచ్చే పెద్దవాళ్ళు శనివారం కోసం, కొడుకు కారు తీయడం కోసం కిటికీ దగ్గర ఎదురుచూడటం మనమందరం ఎరుగుదుం. అడగడానికి మొహమాటపడి, బయటికి వెళ్ళాలని లేదనేవాళ్ళూ ఉన్నారు. మీ ఊళ్ళో బస్సు గురించో, నడకబాట గురించో ఓటింగు వచ్చినప్పుడు వాళ్ళను ఒక్కసారి తలుచుకోండి. జ్యూరిక్‌కు ట్రామ్‌లు మిగిలింది ఓట్లతోనే.