మొగిపురుగు – సుడిదోమ
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



మన గంజాము ప్రాంతమున మీలో పెక్కురు వరి పండించువారు. కావున నేడు పరీక్షల మాట విడిచి పొలము మాట చెప్పెదను.

గత కార్తీకమున ఏడవ తరగతి బాలుడొకడు తమ చేనినుండి రెండు వరి దుబ్బులు తెచ్చి, "మాష్టారూ! రెండింటినీ పాడుచేసినది ఒకే పురుగా?" అని యడిగెను. ఒకదానియందు తెల్లని కంకి నిటారుగా నిలిచియున్నది. రెండవది మొదలంట ఎండిపోయినది.

తెల్లకంకిని పట్టి లాగగా సులువుగా ఊడివచ్చినది. అది మొగిపురుగు చేసిన పని. దీని తల్లి పసుపువన్నె రెక్కల పురుగు. ముందురెక్కలపై చెరియొక నల్లచుక్క యుండును. ఆకుకొనల దగ్గర గ్రుడ్లు గుంపుగా పెట్టి నూగుతో కప్పును. పిల్లపురుగు కాండములోనికి దూరి తినును. పిలకల దశలో మొవ్వు చచ్చును; ఈనిక వేళ కంకి తాలుపోవును. నాటునపుడు నారు కొనలు త్రుంచివేసినచో గ్రుడ్లు చాలవరకు పోవును.

సుడిదోమ తొలుచునది కాదు, రసము పీల్చునది. నీటికి కొంచెము పైగా దుబ్బు మొదట చేరును గనుక గట్టుమీద నిలుచున్నవానికి కానరాదు. చేను గుండ్రముగా సుడులు సుడులుగా ఎండినపుడే తెలియును. యూరియా మితిమీరినచోట, నాటు దట్టమైనచోట దీనికి పండుగయే.

నా చిన్నతనమున మా తండ్రిగారు ఇట్టి సుడిని చూచి, మొగిపురుగునకు తెచ్చిన మందునే ఆకులపై చల్లించిరి. మందు మొదలు చేరలేదు. దోమను తిను సాలెపురుగులు మాత్రము చచ్చినవి. కొలది దినములలో సుడులన్నియు నొకటైనవి. ఆ యేడు మేము కొన్న బియ్యము తింటిమి. ఇది మా యింటి తెలివితక్కువ మాత్రమే కాదు. ఇండోనేషియాలో విచ్చలవిడిగా మందులు చల్లుటచే దోమ పెచ్చుపెరుగగా, 1986లో ఆ ప్రభుత్వము వరిపై 57 మందులను నిషేధించినది.

దోమ కనబడిన చేనిలో మొదట నీరు తీసి ఆరబెట్టవలెను. నాటునపుడే రెండు మీటర్ల కొకటి చొప్పున జానెడు బాట విడిచినచో గాలి, వెలుతురు మొదళ్లకు తగులును. మందు తప్పనిదైనచో వ్యవసాయాధికారి చెప్పినదానిని దుబ్బు మొదటికి తగులునట్లు కొట్టవలెను.

మరునాడు ఆ బాలునితో వారి పొలమునకు పోయి దుబ్బులు విడదీసి చూచితిమి. దోమ యింకను కొన్ని మళ్లలోనే యున్నది. వాని తండ్రిగారు ఈ సభలోనే యున్నారు. ఆ సాయంకాలమే వారు మడవ తెరచి నీరు విడిచిరి.