ఇంటి చదువున తరగతి నిర్ణయము



ఆళ్లగడ్డ శిల్పశాలలలో బాలుడు ఉలి పట్టిన నాడే వానిచేత విగ్రహమునకు కన్నులు దిద్దింపరు. వాని చేయి ఎంతవరకు వచ్చినదో చూచి పని యిత్తురు, ఏండ్లు లెక్కింపరు. ఇంట చదువు చెప్ప బూనువారు ఈ సంగతి మఱచుచున్నారు.

నేనును మఱచితిని. మా మనుమడు బడి మానిన పిదప, 10 ఏండ్లవాడు గదా యని, నంద్యాల అంగడినుండి అయిదవ తరగతి పుస్తకములు తెచ్చితిని. తెలుగు గడగడ చదివెను. భాగహారమువద్ద కన్నీరు పెట్టెను. వాని తప్పేమియు లేదు. క్రింది తరగతి యనిన బంధువులు నవ్వుదురను నా యభిమానమే తప్పు. పిదప లెక్కలలో మూడవ తరగతికి దింపి, తెలుగున అయిదవ దానియందే యుంచితిమి. ఎనిమిది మాసములకు రెండును కలిసినవి.

ఏడాది పోవునను భయము వలదు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ప్రకారము, బిడ్డ మరల బడిలో చేరినచో వయస్సునకు తగిన తరగతిలోనే చేర్చుకొని ప్రత్యేక శిక్షణ యీయవలెను. జాతీయ సార్వత్రిక విద్యాపీఠమువారి పదవ తరగతి పరీక్షకో, 14 ఏండ్లు నిండవలెను. తొందరపడి ఫలమేమి?

పోషకులకు నాదొక విన్నపము. సంఘ భవనమున ఒకటి మొదలు ఎనిమిది వరకు పాఠ్యపుస్తకములు ఒక బీరువాలో నుంచవలెను. తల్లిదండ్రులు బిడ్డను కూర్చుండబెట్టి, తడబడక చేయగల పుటవరకు వెనుకకు పోయి, అచ్చటనుండి మొదలిడుదురు. బీరువాకై నా చందా నేడే కోశాధికారిగారికి ఒప్పగించితిని.