లెక్క మన దగ్గర కూడా ఉండాలి

(తీర ప్రాంత రైతుల సభలో మన సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



రామాయపట్నం, బందరు, మూలపేట. మన తీరంలో ఈ మూడు పోర్టుల పనులు 2022, 2023లలో మొదలయ్యాయి. భూసేకరణ గురించి, పరిహారం గురించి మనం చాలా సభల్లో మాట్లాడుకున్నాం. ఈ రోజు భూమి పోని రైతు గురించి మాట్లాడుకుందాం. ప్రహరీకి అవతల పోర్టు, ఇవతల మన చేను. ఈ చేనుకు ఏం జరుగుతోందో ఎవరు చూస్తున్నారు?

పోర్టు నిర్మాణంలో పెద్ద పని డ్రెడ్జింగ్. ఓడలు రావడానికి సముద్రం అడుగు తవ్వుతారు. ఆ ఇసుక, బురదను పైపులతో తోడి ఒడ్డున పోసి నేల మెరక చేస్తారు. మట్టి ఒక్కటే రాదు, సముద్రపు నీరూ వస్తుంది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆ నీటిని గట్లు కట్టి, కాలవ తీసి తిరిగి సముద్రంలోకే పంపాలి. గట్టు సరిగా లేకపోతే పక్క పొలంలోకి, మురుగు కాలవలోకి దిగుతుంది. బందరు వైపు డెల్టా చివరి భూముల్లో మంచినీరు పైన పలుచగానే ఉంటుంది, కిందంతా ఉప్పునీరే. ఆ పైపొర చెడితే బాగుపడడానికి ఏళ్లు పడుతుంది.

రెండోది, సముద్రంలోకి కట్టే రాతి గోడ. మన తీరంలో ఏడాది మొత్తం మీద చూస్తే ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. గోడ అడ్డుపడితే దక్షిణాన మేట, ఉత్తరాన కోత. 1870లలో మద్రాసు హార్బరు కట్టడం మొదలయ్యాక జరిగింది ఇదే. దక్షిణాన మెరీనా బీచి పెరిగింది, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోసుకుపోయింది. ఇసుక మేటతో మురుగు కాలవ మొగ పూడితే వాన నీరు వెనక్కి తన్ని వరి చేలు మునుగుతాయి.

ఇవన్నీ కనిపెట్టి చూడాలని చట్టమే చెబుతోంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం, అనుమతి షరతులు ఎలా అమలవుతున్నాయో ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలి. అది బహిరంగ పత్రం. అడిగిన వారికి ఇవ్వాల్సిందే. అనుమతి పత్రం కాపీని పంచాయతీకి పంపాలి, పంచాయతీ దాన్ని 30 రోజులు ప్రదర్శించాలి. మన ఊళ్లో ఎంతమంది దాన్ని చూశారు?

మిత్రులారా, రేపు చేలో ఉప్పు తేలితే మనకు ఏం జవాబు వస్తుందో ఇప్పుడే చెప్పవచ్చు. "మీది ముందు నుంచీ చౌడు నేలే కదా" అంటారు. ఆ మాటకు కోపం జవాబు కాదు. అంకె జవాబు. నిన్న ఎంత ఉంది, ఈ రోజు ఎంత ఉంది అన్న అంకె. అది కంపెనీ ఫైల్లోనే ఉంటే వాళ్లు చెప్పిందే లెక్క.

అందుకే ప్రతి తీర గ్రామ కమిటీ నాలుగు పనులు చేయాలి.

ఒకటి: అనుమతి పత్రం, ఆరు నెలల నివేదికలు తెచ్చి గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి.

రెండు: నీటి నమూనాలు ఏ బావుల్లో తీస్తున్నారో చూడాలి. పోర్టుకు దగ్గరి పొలాల బావులు అందులో లేకపోతే చేర్చమని పంచాయతీ తీర్మానం చేయాలి.

మూడు: మనమే రిజిస్టరు పెట్టాలి. ఎంచుకున్న బావుల్లో, ఏటా మే నెలలో, నవంబరులో నీరు పరీక్ష చేయించి ఈసీ రాయాలి. ఇది రిజిస్ట్రేషన్ ఆఫీసు ఈసీ కాదు, భూసార పరీక్ష కార్డు మీద ఉండేది, ఉప్పును చెప్పేది. సాగునీటి ఈసీ 2 దాటినా, నేల ఈసీ 3 దాటినా వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. తేదీ, బావి, సర్వే నంబరు, సాక్షి సంతకం తప్పనిసరి. కాలవ మొగ ఫొటోలు కూడా తీయాలి.

నాలుగు: గడువు మరవకూడదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందు పర్యావరణ వివాదం పెట్టడానికి కారణం తలెత్తిన నాటి నుంచి 6 నెలలు, నష్టపరిహారం కోరడానికి 5 ఏళ్లు గడువు. మన ప్రాంతానికి బెంచి చెన్నైలో ఉంది.

పనులు మొదలై ఏళ్లు గడిచాయి కదా, ఇప్పుడెందుకు అనకండి. ఈ మే నెల అంకె వచ్చే మే నెలకు సాక్ష్యం అవుతుంది. భూమికి పట్టా ఎలా దాచుకుంటామో, నీటికి ఈ రిజిస్టరును అలా దాచుకుందాం. వచ్చే నెల సమావేశానికి ప్రతి గ్రామ కమిటీ మొదటి పేజీ నింపి తీసుకురావాలని కోరుతున్నాం.